లోపించినది ఏది? – బలహీనపడిన రోగనిరోధక శక్తికి చికిత్స దొరికిన చరిత్ర

ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లయినా, పెళ్లింట గాని రైలు ప్రయాణంలో గాని నేను వైద్యుడినని తెలియగానే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటున్నది. “డాక్టరు గారూ, నాకు ఇమ్యూనిటీ తక్కువ. పెరగడానికి మంచి మందేదైనా చెప్పండి.” నేను తిరిగి ఒకే మాట అడుగుతాను. “తక్కువైనది ఏది?” ఆ ప్రశ్నకు చాలామంది ఆశ్చర్యపోతారు. రోగనిరోధక శక్తి అంటే కుండలో నీటివంటిదనీ, తగ్గినప్పుడు ఏ కషాయంతోనో, ఏ టానిక్కుతోనో నింపుకోవచ్చుననీ మనలో బలంగా నాటుకున్న భావన.

చదువరులారా, వాస్తవం అది కాదు. రోగనిరోధక వ్యవస్థ ఒక కోట వంటిది. దానికి గోడలున్నాయి, కావలివారున్నారు, ఆయుధశాలలున్నాయి, వార్తాహరులున్నారు. వీరిలో ఎవరు లేకపోయినా కోట బలహీనపడుతుంది. కానీ ఎవరు లేరో తెలియకుండా కోటను బాగుచేయడం సాధ్యం కాదు. గడచిన డెబ్బై ఏళ్లలో ఈ రంగంలో ప్రాణాలు నిలిపిన చికిత్సలన్నీ “లోపించినది ఏది?” అనే ప్రశ్నకు జవాబుగానే పుట్టాయి. ఆ చరిత్రను క్లుప్తంగా మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎనిమిదేళ్ల బాలుడు, ఒక కొత్త పరికరం

పెన్సిలిన్ రాకముందు పసిపిల్లలు న్యుమోనియాతోనో, రక్తంలో చేరిన సూక్ష్మజీవులతోనో మరణించడం సర్వసాధారణం. అలా పోయిన వారిలో పుట్టుకతోనే రక్షణ లోపించిన పిల్లలు ఎందరుండేవారో ఎవరూ గమనించే అవకాశం లేదు. మొదటి జబ్బుకే ప్రాణం పోతే, ఆ బిడ్డకు జబ్బులు పదేపదే వచ్చే స్వభావం ఉన్నదని తెలిసేదెలా? యాంటీబయోటిక్‌లు వచ్చిన తరువాత అటువంటి పిల్లలు ఒక జబ్బు నుండి కోలుకుని, మరొక జబ్బుతో తిరిగి ఆసుపత్రికి రాసాగారు. లోపం అప్పుడు కంటపడింది.

అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో పిల్లల వైద్యుడైన కల్నల్ ఆగ్డెన్ బ్రూటన్ వద్దకు అటువంటి ఎనిమిదేళ్ల బాలుడు వచ్చాడు. కొన్నేళ్లుగా అతడి రక్తంలో న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవి మళ్లీ మళ్లీ చేరుతున్నది. మందు ఇస్తే తగ్గుతున్నది, ఆపితే కొన్నాళ్లకు తిరిగి వస్తున్నది. ఆ సూక్ష్మజీవికి టీకా ఇచ్చి చూసినా బాలుడి శరీరంలో ప్రతిరక్షకాలు తయారు కాలేదు. రక్తరసంలోని మాంసకృత్తులను విద్యుత్తు సాయంతో విడదీసి చూపే ఎలెక్ట్రోఫోరెసిస్ పద్ధతిని స్వీడన్ శాస్త్రవేత్త ఆర్నే టిసేలియస్ అంతకు పూర్వమే రూపొందించి ఉన్నాడు. ప్రతిరక్షకాలు రక్తరసంలోని గామా గ్లోబ్యులిన్ అనే భాగంలో ఉంటాయని కూడా అప్పటికి తెలుసు. బ్రూటన్ ఆ బాలుడి రక్తరసాన్ని పరీక్షింపజేశాడు. గామా గ్లోబ్యులిన్ ఉండవలసిన చోట ఏమీ లేదు.

లోపించినది ఏదో తెలిసింది. ఇక దానిని ఎక్కడినుండి తేవాలి? జవాబు అప్పటికే సిద్ధంగా ఉండడం చరిత్రలోని ఒక చక్కని యాదృచ్ఛికం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గాయపడిన సైనికుల కోసం హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ బృందం దాతల రక్తరసం నుండి ఆల్బ్యుమిన్‌ను వేరు చేసే విధానాన్ని కనుగొన్నది. ఆ ప్రక్రియలో ఆల్బ్యుమిన్‌తో పాటు గామా గ్లోబ్యులిన్ కూడా విడిగా లభించేది. బ్రూటన్ దానిని నెలకొకసారి చర్మం కింద సూదిమందుగా ఇచ్చాడు. అంతవరకు ఆగకుండా వచ్చిన ప్రమాదకరమైన జబ్బులు ఆగిపోయాయి. 1952లో ఆయన ఈ సంగతిని ప్రచురించాడు. రోగనిరోధక లోపాన్ని ప్రయోగశాలలో గుర్తించి, లోపించిన దానినే తిరిగి ఇచ్చి అదుపులో పెట్టిన తొలి ఉదాహరణగా ఇది నిలిచింది.

ఈ చికిత్స నేటికీ సాగుతున్నది. 1980వ దశకం ఆరంభం నుండి నరంలోనికి నేరుగా ఎక్కించగల ఇమ్యునోగ్లోబ్యులిన్ అందుబాటులోకి వచ్చింది. ప్రతి సీసా వెనుక వేలాది దాతల రక్తరసం ఉంటుంది. ఒకరి శరీరం చేసుకోలేని రక్షణను వేలమంది అజ్ఞాత దాతలు సమకూరుస్తున్నారన్నమాట. ఆ బాలుడి వ్యాధికి మూలమైన జన్యువును 1993లో గుర్తించి, దాని ద్వారా తయారయ్యే ఎంజైముకు బ్రూటన్ పేరే పెట్టారు.

కోటలో రెండు దళాలు

బ్రూటన్ చూసిన బాలుడికి ప్రతిరక్షకాలు లేవు. కానీ అదే కాలంలో మరికొందరు పసివారు ఇంతకంటె దారుణమైన స్థితిలో కనిపించేవారు. వారికి సూక్ష్మజీవులు, వైరసులు, బూజులు అన్నీ ప్రాణాంతకమే. గామా గ్లోబ్యులిన్ ఇచ్చినా వారు బ్రతికేవారు కారు. ఎందుకు?

దీనికి జవాబు కోళ్ల నుండి వచ్చింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గుడ్, మాక్స్ కూపర్ బృందం కోడిపిల్లలలో రెండు అవయవాలను వేర్వేరుగా తొలగించి పరిశీలించింది. ఒకటి మెడలోని థైమస్ గ్రంథి, మరొకటి తోక భాగంలోని బర్సా అనే చిన్న సంచి. బర్సా లేని కోళ్లలో ప్రతిరక్షకాలు ఏర్పడలేదు. థైమస్ లేని కోళ్లలో కణాల ద్వారా జరిగే పోరాటం దెబ్బతిన్నది. 1965లో వెలువడిన ఈ ఫలితాలతో రోగనిరోధక వ్యవస్థకు రెండు దళాలున్నాయని స్పష్టమైంది. నేడు వాటినే బి కణాలు, టి కణాలు అంటున్నాము. మనుషులకు బర్సా లేదు. మన బి కణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. బ్రూటన్ బాలుడికి లోపించినది మొదటి దళం మాత్రమే. ఆ దురదృష్టవంతులైన పసివారికి రెండు దళాలూ లేవు.

రెండు దళాలకూ పుట్టినిల్లు ఎముక మజ్జయే. కనుక మజ్జనే మార్చితే? 1968లో రాబర్ట్ గుడ్ బృందం ఆ పని చేసింది. అయిదు నెలల మగబిడ్డకు అతడి అక్క ఎముక మజ్జను ఎక్కించారు. ఆ కుటుంబంలో అంతకుముందు అనేకమంది మగపిల్లలు ఇదే వ్యాధితో మరణించారు. ఈ బిడ్డ మాత్రం బ్రతికి పెద్దవాడయ్యాడు.

గాజుగది కాని గాజుగదిలో పన్నెండేళ్లు

సరిపోలే దాత దొరకని వారి మాటేమిటి? ఈ ప్రశ్నకు అత్యంత విషాదకరమైన జవాబు డేవిడ్ వెట్టర్ జీవితం. 1971 సెప్టెంబరులో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పుట్టిన క్షణాలలోనే అతడిని సూక్ష్మజీవరహితమైన ప్లాస్టిక్ గుడారంలోనికి చేర్చారు. అతడి అన్న అంతకుముందే ఈ వ్యాధితో మరణించాడు. డేవిడ్‌కు గాలి, ఆహారం, నీరు, ఆటవస్తువులు, పుస్తకాలు అన్నీ శుద్ధి చేసి లోపలికి పంపేవారు. కన్నతల్లి సైతం గుడారానికి అమర్చిన చేతొడుగుల ద్వారా తప్ప బిడ్డను తాకలేదు. మంచి దాత త్వరలోనే దొరుకుతాడన్న ఆశతో మొదలైన ఆ ఏర్పాటు పన్నెండేళ్లు సాగింది.

1983లో పూర్తిగా సరిపోలకపోయినా అక్క మజ్జను ఎక్కించారు. ఆమె మజ్జలో ఎప్స్టీన్-బార్ అనే వైరసు నిద్రాణంగా ఉన్నది. మనలో చాలామందిలో ఉండే వైరసే అది. మనను అది ఏమీ చేయదు, మన టి కణాలు దానిని అదుపులో ఉంచుతాయి. డేవిడ్‌కు ఆ కావలి లేదు. ఆ వైరసు అతడి శరీరంలో క్యాన్సరుగా పరిణమించింది. 1984 ఫిబ్రవరిలో అతడు కన్నుమూశాడు. అంతిమ దినాలలో గుడారం నుండి బయటకు తెచ్చిన తరువాతనే తల్లి తన బిడ్డను తొలిసారి అడ్డులేకుండా తాకగలిగింది.

డేవిడ్ జీవితం వైద్యులకు నేర్పిన పాఠం కఠినమైనది. మనిషిని సూక్ష్మజీవుల నుండి దాచి ఉంచడం కొంతకాలం సాధ్యమే. కానీ అది చికిత్స కాదు, చికిత్స దొరికేవరకు కాచుకుని ఉండడం మాత్రమే. మజ్జ మార్పిడి ఎంత త్వరగా, జబ్బులేవీ సోకకముందే జరిగితే ఫలితం అంత బాగుంటుందని ఆ తరువాతి అనుభవం నిరూపించింది. అందుకే 2008లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం పుట్టిన ప్రతి శిశువు మడమ నుండి తీసిన రక్తపు బొట్టుతో ఈ లోపాన్ని పరీక్షించడం ప్రారంభించింది. 2018 నాటికి ఆ దేశంలోని రాష్ట్రాలన్నీ దానిని అనుసరించాయి.

శత్రువు కోటలోనే చేరినప్పుడు

1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు ఒక అరుదైన న్యుమోనియా వచ్చిందని అమెరికా ఆరోగ్య శాఖ వారపత్రిక ప్రకటించింది. పుట్టుకతో ఆరోగ్యవంతులైన వారి రోగనిరోధక శక్తి ఎలా కుప్పకూలింది? 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ, లుక్ మోంటాన్యే కారణమైన వైరసును గుర్తించారు. అది టి కణాలలో సహాయక దళమైన సీడీ4 కణాలలోనే కాపురం పెట్టి వాటిని నాశనం చేస్తుంది.

మన దేశంలో ఈ జబ్బు లేదని అందరూ నమ్ముతున్న రోజులలో, 1986లో చెన్నైలో డాక్టరు సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి రక్త నమూనాలు సేకరించి పరీక్షించారు. ఆరు నమూనాలలో వైరసు జాడ తేలింది. వినడానికి ఎవరూ ఇష్టపడని సత్యాన్ని ఇద్దరు స్త్రీలు వెలికితీశారు. రోగులను తాకడానికి తోటి వైద్యులే వెనుకాడిన కాలంలో సునీతి గారు వారికోసం వై.ఆర్.జి. కేర్ సంస్థను నెలకొల్పారు.

1987లో వచ్చిన తొలి మందును ఒంటరిగా వాడితే వైరసు కొంతకాలానికి దానిని తట్టుకునేది. 1996 నుండి మూడు మందులను కలిపి ఇవ్వడంతో మరణశయ్యపై ఉన్నవారు లేచి నడిచారు. కానీ ఆ మందులకు ఏడాదికి ఒక్కొక్కరికి పదివేల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. 2001లో మన దేశానికి చెందిన సిప్లా సంస్థ ఆ మూడింటి కలయికను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ముందుకు వచ్చింది. తరువాత హైదరాబాదుకు చెందిన హెటెరో, అరబిందో వంటి సంస్థలు కూడా ఈ మందులను తయారుచేసి ఆఫ్రికా ఖండానికి సైతం చేర్చాయి. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం ప్రారంభించినప్పుడు, వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇక్కడ చదువరులు ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. ఈ మందులేవీ రోగనిరోధక శక్తిని నేరుగా పెంచవు. అవి వైరసును అడ్డుకుంటాయి, కూలిన గోడను శరీరమే తిరిగి కట్టుకుంటుంది. మరి నేరుగా పెంచి చూడలేదా అంటే, చూశారు. ఇంటర్‌ల్యూకిన్-2 అనే పదార్థాన్ని ఈ మందులకు జోడించి సుమారు 5,800 మందితో రెండు పెద్ద పరిశోధనలు జరిపారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం సీడీ4 కణాల సంఖ్య నిజంగానే పెరిగింది. కానీ జబ్బులు తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. లెక్క పెరిగినంత మాత్రాన రక్షణ పెరగదని ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

మందే శక్తిని తగ్గించినప్పుడు

పుట్టుకతో వచ్చిన లోపం అరుదు. నేడు మన చుట్టూ ఉన్నవారిలో మందుల వలన రోగనిరోధక శక్తి తగ్గినవారే ఎక్కువ. ఈ కథలో తెలుగువారు గర్వించవలసిన పేరు ఒకటున్నది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానిని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను, ఆ పిదప మెథోట్రెక్సేట్‌ను కూడా వారే అందించారు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, పదిమందికి తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు మరణించారు. 1980వ దశకంలో మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదులో కీళ్లవాతానికి కూడా మంచి మందని రుజువైంది. అతిగా చెలరేగి సొంత కీళ్లనే కొరుక్కుతినే రోగనిరోధక శక్తిని అది అణచి ఉంచుతుంది.

అణచి ఉంచే మందు మోతాదు దాటితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. నేను ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్న రోజులలో అరవై ఏళ్ల పెద్దావిడను కొడుకు చేతులమీద ఎత్తుకుని తెచ్చాడు. నోటినిండా పుండ్లు, ఒళ్లు కాలిపోయే జ్వరం. కీళ్లనొప్పులకు మందు వాడుతున్నదని చెప్పారు.

“పెద్దమ్మా, ఈ పసుపుపచ్చ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు?” అని అడిగాను.

“రోజూ రాత్రి అన్నం తిన్నాక బాబూ. నొప్పులు త్వరగా పోతాయని ఒక్కరోజు కూడా మానలేదు.”

అది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్. చీటీలో రాసే ఉన్నది. కానీ ఆ ఇంట ఆ అక్షరాలు చదవగలిగినవారు లేరు, ఆమెకు కూర్చోబెట్టి చెప్పినవారూ లేరు. తెల్లరక్తకణాలు దాదాపు అడుగంటాయి. మందు ఆపి, ఫోలినిక్ ఆమ్లం, యాంటీబయోటిక్‌లు ఇచ్చి, రెండు వారాలకు పైగా వార్డులో ఉంచితే బ్రతికి బయటపడింది. ఇంటికి వెళ్లేరోజున “నీ చేతిమీద బ్రతికాను బాబూ” అన్నది. ఆ మాటకు నేను సంతోషించలేకపోయాను. నేను మందు రాసిచ్చిన రోగులలో ఎందరికి “వారానికి ఒక్కసారే” అని నోటితో చెప్పానో, ఎందరికి చీటీ చేతికిచ్చి ఊరుకున్నానో ఆ రాత్రి లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. ఆ తరువాత ఆ మందు ఎప్పుడు రాసినా వారంలో ఏ రోజో రోగి నోటితోనే చెప్పించుకున్నాను.

2021లో రెండవ దఫా కరోనా సమయంలో మన దేశమంతా చూసిన నల్ల ఫంగస్ కూడా ఈ కోవలోనిదే. అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్లు, అదుపు తప్పిన మధుమేహం కలిసి కోట తలుపులు తెరిచాయి. గాలిలో ఎప్పుడూ ఉండే బూజు లోపలికి నడిచివచ్చింది. ఆ రోజులలోనే ఇంటింటా ఇమ్యూనిటీ పెంచే పొడులు, పానీయాలు అమ్ముడుపోయాయి. నిజంగా అవసరమైనది గ్లూకోజు పరీక్ష, స్టెరాయిడ్ మోతాదుపై అదుపు.

ఈ చరిత్ర మీకు చెప్పేదేమిటి?

పదేపదే న్యుమోనియా, చెవిలో చీము, లోతైన చీముగడ్డలు, ఎదగని శిశువు, మందులకు తగ్గని నోటిపూత వంటివి కనిపిస్తే, లేదా చిన్నవయసులోనే బిడ్డలు మరణించిన చరిత్ర కుటుంబంలో ఉంటే, టానిక్కులతో కాలయాపన చేయకండి. రక్తకణాల లెక్క, ఇమ్యునోగ్లోబ్యులిన్‌ల పరిమాణం, హెచ్.ఐ.వి. పరీక్ష, రక్తంలో చక్కెర వంటి సాధారణ పరీక్షలతోనే వైద్యుడు వెతుకులాట మొదలుపెడతాడు. ఏడాదికి రెండు మూడుసార్లు జలుబు చేయడం మాత్రం రోగనిరోధక లోపానికి గుర్తు కాదు.

స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, అవయవ మార్పిడి మందులు, క్యాన్సరు మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు, పెంచకూడదు. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానడం ప్రాణాంతకం కావచ్చు. మీకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వస్తే దానిని మామూలు జ్వరంగా భావించి రేపు చూద్దామనుకోకండి. క్యాన్సరు మందులు వాడుతున్నవారికి ఆ జ్వరం అత్యవసర పరిస్థితి, గంటలు కూడా విలువైనవే.

ఫ్లూ, న్యుమోకాకస్ టీకాల గురించి మీ వైద్యుని అడగండి. సజీవ సూక్ష్మజీవులతో చేసిన టీకాలు మాత్రం రక్షణ బాగా తగ్గినవారికి హాని చేయవచ్చు, కనుక ఏ టీకాకు ముందైనా మీరు వాడే మందుల పేర్లు చెప్పండి. ఇంటిలోని మిగతావారు టీకాలు వేయించుకోవడం కూడా మీకు రక్షణే. ప్లీహం తొలగించినవారు ఆ సంగతిని వ్రాసి ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. చక్కగా ఉడికిన ఆహారం, శుభ్రమైన నీరు, చేతుల శుభ్రత, చక్కెర అదుపు, పొగాకుకు దూరం, ఇవి చిన్న మాటలుగా కనిపించినా పెద్ద మందులే.

ఇకమీదట ఎవరైనా మీకు రోగనిరోధక శక్తి పెంచే సీసా ఒకటి అమ్మజూపితే, బ్రూటన్ తన రోగి రక్తాన్ని అడిగిన ప్రశ్ననే మీరూ అడగండి. “నాలో లోపించినది ఏది? అది ఈ సీసాలో ఉన్నదా?” జవాబు రాకపోతే ఆ డబ్బుతో పప్పు, గుడ్లు, ఆకుకూరలు కొనుక్కోండి. మీరు వేసుకునే ప్రతి మాత్రను రోజూ వేసుకోవాలో, వారానికి ఒకసారి వేసుకోవాలో ఈరోజే మీ చీటీ తీసి మరొక్కసారి చూసుకోండి. ఇంటిలో చదువురాని పెద్దలుంటే వారి చీటీని కూడా మీరే చదివి వినిపించండి.